మగగుర్రం పేరు, దాని పిల్లల లెక్క

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతరలో ఒక మగగుర్రానికి పేరు రావడానికి ఒక్క పూట చాలు. రేవాల్ అనే కుదుపు లేని వేగపు నడకలో నాలుగు చుట్లు అందంగా తిరగాలి. చెవుల కొనలు తల మీద ఒకదాన్నొకటి తాకాలి. శుభమని నమ్మే దేవ్‌మణి సుడి ఉండాల్సిన చోట ఉండాలి. సాయంత్రానికల్లా దాని వీడియో నాందేడ్ నుంచి నిజామాబాద్ దాకా ఫోన్లలో తిరుగుతుంది. జాతర ముగిసేలోపే దాన్ని ఆడగుర్రాలకు దాటించే ఫీజు పెరుగుతుంది.

ఆ వీడియోలో కనిపించనిది ఒకటుంది. ఆ గుర్రానికి ఇప్పటిదాకా ఎన్ని పిల్లలు పుట్టాయి, వాటిలో ఎన్ని బతికాయి, ఎన్ని కుంటుతున్నాయి, ఎన్ని ఆడగుర్రాలకు చూలు నిలవలేదు? పెంపకం కోసం మగగుర్రాన్ని ఎంచుకునేవాళ్లకు అసలు కావలసింది ఈ లెక్కే. మా వైపు దీన్ని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా చెప్పరు. తెలిసినవాళ్లెవరైనా బయటికి చెబితే వాళ్లనే శత్రువుల్లా చూస్తారు. గుర్రాల వ్యాపారంలో మోసాలు చాలానే ఉన్నాయి, వాటి గురించి కూడా రాస్తాను. కానీ అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నోరు మెదపకపోవడమేనని నా గట్టి నమ్మకం. దీన్ని మనం మర్యాద అనుకుంటున్నాం.

మాది దెగ్లూర్ తాలూకా. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గుర్రాలవాళ్లతో దక్కనీ హిందీ. 1956లో మరాఠ్వాడా హైదరాబాద్ రాష్ట్రం నుంచి విడిపోయినా మా చుట్టరికాలు మద్నూర్, బిచ్కుంద, బోధన్ వైపే ఉండిపోయాయి. మా ఇంట్లో తాతల నాటి నుంచి ఆడగుర్రాలు ఉన్నాయి. ఇప్పుడు తెలంగాణ నుంచి గుర్రం కొనడానికి వచ్చే చుట్టాలకు, వాళ్ల స్నేహితులకు తోడుగా వెళ్తుంటాను. దలాలీ తీసుకోను. అందుకే ఈ మాటలు రాయగలుగుతున్నాను.

లోహా తాలూకాలో ఉన్న మాళేగావ్‌లో ఖండోబా జాతర మార్గశిరంలో జరుగుతుంది. పశువులు, గాడిదలు, ఒంటెలతో పాటు గుర్రాలు కూడా అమ్మకానికి వస్తాయి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు ఎక్కువ. పెళ్లి బరాతులకు కొనేవాళ్లు ఉంటారు. ఈమధ్య టెంట్ పెగ్గింగ్ (పరుగెత్తే గుర్రం మీంచి ఈటెతో నేలలోని మేకును లేపే ఆట), ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ) పోటీల కోసం కొనే కుర్రాళ్లు పెరిగారు. బేరం పాత పద్ధతిలోనే నడుస్తుంది. దళారి తన రుమాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పుతాడు, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఏ వేలు పట్టుకున్నారో, ఎన్ని పట్టుకున్నారో పక్కనున్నవాడికి కూడా తెలియదు. ధర దాచుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు, అది వాళ్లిద్దరి మధ్య విషయం. గుర్రం ఆరోగ్యం, దాని పుట్టుక కూడా ఆ రుమాలు కిందే ఉండిపోవడం నాకు నచ్చదు.

మా మేనమామ కొన్నేళ్ల కిందట ఒక చూలుగుర్రాన్ని కొన్నాడు. కడుపులో ఉన్నది ఫలానా పేరున్న మగగుర్రం పిల్ల అని చెప్పి మామూలు ధర మీద బాగానే ఎక్కువ తీసుకున్నారు. ఇంటికి తెచ్చిన కొద్ది రోజులకే అది ముందు కుడికాలు కుంటడం మొదలుపెట్టింది. జాతరలో దాన్ని ఎప్పుడు చూసినా ఇసుక మీదే నడిపించారు. గట్టి నేల మీద గుండ్రంగా చిన్న పరుగు పెట్టిస్తే నొప్పి దాగదు. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనినప్పుడు గుర్రం తల పైకి ఎత్తుతుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దించుతుంది. ఆ తల ఊపు మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద స్పష్టంగా కనబడింది. నొప్పి మాత్రలో, ఇంజెక్షనో ఇచ్చి నిలబెట్టి ఉంటారని డాక్టరు అన్నారు. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి మందు పడితే కుంటే గుర్రం కొన్నాళ్లు మామూలుగానే నడుస్తుంది. అది ఒంట్లోంచి దిగాక నిజం బయటపడుతుంది.

అది సరే, కాలు కొంత నయమైంది. నెలలు నిండాక పిల్ల పుట్టింది. మంచి రంగు, నుదుట తెల్లచుక్క, చెవులు కూడా మామ కోరుకున్నట్టే వచ్చాయి. రెండు మూడు నెలల తర్వాత గడ్డి అందుకోవడానికి ప్రయత్నిస్తుంటే మామ దాని పెదవులు ఎత్తి చూశాడు. పై పళ్లు బాగా ముందుకు, కింది పళ్లు వెనక్కి ఉన్నాయి. రెండు వరసలూ ఎక్కడా కలవవు. నేల మీద పొట్టి గడ్డిని కొరకాలంటే ముందుపళ్లు కలవాలి. కలవని పిల్లకు జీవితమంతా దాణా, కోసి వేసిన మేత మీద ఎక్కువ ఆధారం. అరగని ముందుపళ్లను డాక్టరు ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలి. ఈ లోపం వంశంలో దిగే అవకాశం ఉందని పశువైద్యులు చెబుతారు. అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతి గుర్రాలను నమోదు చేసే రిజిస్ట్రీ దీన్ని కోరదగని లక్షణంగా ఎంచుతుంది.

ఇంతవరకు ఇది మా ఇంటి కష్టం. దీన్ని నేను బయట రాయడానికి కారణం తర్వాత తెలిసిన సంగతి. అదే మగగుర్రానికి పుట్టిన పిల్లల్లో ఇలాంటి నోళ్లు ఇంకా ఉన్నాయి. ఒకటి బిలోలి వైపు, ఒకటి ధర్మాబాద్ దగ్గర, ఇంకొకటి అవతల బోధన్ వైపు. వాటి తల్లులు ఒకే వంశానివి కావు. ఏ ఇంటివాళ్లూ ఇంకో ఇంటికి చెప్పలేదు. అందరూ ఒకే మాట అన్నారు. మా మామ కూడా అదే అన్నాడు: "పోనియ్‌రా, వాళ్ల పేరు ఖరాబు చేస్తే మనకేమొస్తది? రేపు మన పిల్లను అమ్ముకోవద్దా?"

ఈ రెండో వాక్యం దగ్గరే నా బాధంతా. మొదటి వాక్యంలో మంచితనం ఉంది, రెండో దాంట్లో లెక్క ఉంది. నోరు బాగాలేని పిల్ల మన కొట్టంలో ఉందని తెలిస్తే మన గుర్రాల ధర కూడా పడిపోతుంది. కాబట్టి మోసపోయినవాళ్లు, తెలియకుండానే, మోసం చేసినవాడి పేరుకు కాపలా కాస్తారు. ఆ మగగుర్రం యజమానిని నేను స్వయంగా కలిశాను. ఆయన చెడ్డగా మాట్లాడలేదు. "అన్నా, నా గుర్రం నోరు చూడండి, ఎంత బాగుందో. మీ ఆడగుర్రంలనే ఏదో ఉంటది," అన్నాడు. ఒక్క పిల్ల విషయంలో ఆయన మాట నిజమే కావచ్చు. ఒక్క పిల్లను చూసి తండ్రిని తప్పుపట్టలేం. కానీ వేర్వేరు వంశాల ఆడగుర్రాలకు ఒకే మగగుర్రం వల్ల పుట్టిన పిల్లల్లో ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తే చూపు తండ్రి వైపే తిరగాలి. ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు కాబట్టే ప్రతి ఇంటికీ "మీ ఆడగుర్రంలనే" అనే జవాబు దొరుకుతోంది.

ఆడగుర్రానికి పదకొండు నెలల చూలు. ఏడాదికి ఒక్క పిల్ల. దానిలో లోపం ఉంటే ఆ కొట్టం వరకే. మగగుర్రం ఒక్క సీజన్‌లో పదుల కొద్దీ ఆడగుర్రాలను దాటగలదు. వీర్యాన్ని గడ్డకట్టించి పంపడం మొదలైతే దేశమంతా చేరగలదు. పిండాన్ని వేరే ఆడగుర్రంలో పెట్టే పద్ధతి కూడా మన దేశానికి వచ్చేసింది, 2023లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం బికనేర్ శాఖలో అలా ఒక మార్వాడీ పిల్ల పుట్టింది. ఇవి మంచి గుర్రాలను పెంచడానికి గొప్ప సాధనాలు. లోపాన్ని కూడా అంతే వేగంగా పంచుతాయి. అందుకే మగగుర్రం పెట్టుకున్నవాళ్ల మీద బాధ్యత ఎక్కువ ఉండాలంటాను.

పెద్ద దేశాల్లో ఇలాంటివి జరగవా? అక్కడా జరిగాయి. డబ్బు ఎక్కువ ఉన్నచోట ఇంకా పెద్దగా జరిగాయి. అమెరికాలో ఇంప్రెసివ్ అనే క్వార్టర్ హార్స్ మగగుర్రం ఉండేది, 1969లో పుట్టింది. కండలు తిరిగిన శరీరం. దాని పిల్లలు అందాల పోటీల్లో వరసగా గెలిచాయి, వేల సంఖ్యలో వంశం పెరిగింది. తర్వాత ఆ వంశంలో కొన్ని గుర్రాలు ఉన్నట్టుండి వణకడం, కుప్పకూలడం, కొన్ని చనిపోవడం గమనించారు. కండరాల్లో సోడియం కదలికను పాడుచేసే ఒక జన్యు లోపం, దాని పేరు హైపీపీ. 1992లో ఆ జన్యువును గుర్తించారు, పరీక్ష వచ్చింది. ఈ లోపం ఉన్న గుర్రాలకు కండలు మరీ గట్టిగా కనిపించేవి, జడ్జీలు ఆ కండలకే మార్కులు వేసేవారు. పెంపకందారులకు అంతా తెలిసినా మానుకోబుద్ధి కాలేదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్లలను నమోదు చేయబోమని రిజిస్ట్రీ నిబంధన అమలుకు తెచ్చింది 2007లో పుట్టిన పిల్లల నుంచి. అంటే పరీక్ష చేతికి వచ్చాక కూడా పదిహేనేళ్లు పట్టింది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన జాతర రింగే గుర్తొస్తుంది. మనం చెవులకు, రంగుకు, సుడులకు డబ్బు పెడుతున్నాం. గులాబీ చర్మంతో తెల్లగా ఉండే నుక్రా గుర్రానికి బరాతుల్లో ఎంత గిరాకీ ఉందో అందరికీ తెలుసు. ఆ చర్మం మా మరాఠ్వాడా ఎండకు కందిపోతుందని, ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ పుండ్లు పడతాయని దాన్ని పెంచినవాళ్లకు తెలుసు. ఏప్రిల్ పెళ్లిళ్లలో మిట్టమధ్యాహ్నం డీజే పక్కన నిలబెట్టిన నుక్రాను చూసి దాని రంగు మెచ్చుకోవడం నావల్ల కాదు. కొనేవాడు దేనికి డబ్బు ఇస్తాడో పెంచేవాడు దాన్నే పుట్టిస్తాడు. కాబట్టి తప్పు పెంచేవాడొక్కడిదే అని కూడా నేను అనను.

యూరప్‌లో వార్మ్‌బ్లడ్ అనే పోటీ గుర్రాల జాతులు ఉన్నాయి. అడ్డాలు దూకించే జంపింగ్‌కు, రౌతు సైగలకు గుర్రం అడుగులు వేసి చూపే డ్రెసాజ్‌కు ప్రపంచమంతా ఎక్కువగా వాటినే కొంటారు. వాటిలో చర్మం కాగితంలా చిరిగిపోయే పిల్లలు పుట్టే ఒక జబ్బు ఉంది. పుట్టిన పిల్ల బతకదు, చాలాసార్లు చూలే పోతుంది. ఇది రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే లోపం. ఒక్క వైపు నుంచి వచ్చిన గుర్రం పైకి పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది, పతకాలు కూడా గెలుస్తుంది. అలాంటి రెండు గుర్రాలను జతకడితే నాలుగింట ఒక పిల్లకు జబ్బు వచ్చే అవకాశం. ఆ జాతుల్లో సుమారు పదింట ఒక గుర్రం దీన్ని మోస్తోందని పరిశోధనలు చూపించాయి. 2013 నుంచే పరీక్ష ఉంది. కానీ 2018లో ఇది బహిరంగ చర్చగా మారేదాకా చాలామంది మగగుర్రాల యజమానులు ఫలితాలు చెప్పలేదు. ఆ తర్వాతే చాలా స్టడ్‌బుక్‌లు, అంటే గుర్రాల వంశాలు నమోదు చేసే సంస్థలు, ఫలితం బయటపెట్టమని అడగసాగాయి. జరిగిందేమిటో గమనించండి. ఆ లోపాన్ని మోస్తోందని తేలిన మగగుర్రాన్ని ఎవరూ చంపలేదు, మూలన పడేయలేదు. పరీక్షలో శుభ్రంగా తేలిన ఆడగుర్రాలకు దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. చెప్పడం వల్ల గుర్రం పోలేదు, చనిపోయే పిల్లలు తగ్గే దారి దొరికింది.

మన వైపు ఇంకో అలవాటు. మంచి రక్తం బయటికి పోకూడదని తండ్రిని కూతురికి, అన్నను చెల్లెలికి దాటిస్తారు. దాగిన లోపాలు రెండు వైపుల నుంచీ కలవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఇది తెలిసి చేస్తున్నవాళ్లు పిల్ల కొనేవాడికి చెప్పాలి కదా. తల్లి పేరు, తండ్రి పేరు వేరువేరుగా చెప్పి, వాళ్లిద్దరి సంబంధం మాత్రం మింగేస్తారు.

ఇక రక్తం గురించి చెప్పే మాటలో ఎంత నిజమో తేల్చడం ఇప్పుడు పెద్ద పని కాదు. జూలు నుంచి కొన్ని వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి ల్యాబుకు పంపితే, తల్లిదండ్రుల నమూనాలు కూడా ఉంటే, పిల్ల ఎవరిదో డీఎన్ఏ చెప్పేస్తుంది. రేసు గుర్రాల విషయంలో పుణేలోని స్టడ్‌బుక్ అథారిటీ తల్లిదండ్రుల నిర్ధారణ లేనిదే నమోదు చేయదు. దేశవాళీ గుర్రాలకు కూడా సొసైటీలు, రిజిస్ట్రేషన్లు వచ్చాయి. కానీ జాతరలో చేతులు మారే గుర్రాల్లో చాలావాటికి దళారి నోటిమాటే పుట్టుక సర్టిఫికెట్. అమ్మేవాడు వెంట్రుకలు ఇవ్వడానికి ఒప్పుకోకపోతే నేను మా వాళ్లను అక్కడి నుంచి లేపేస్తాను. ఇంకో మాట మాట్లాడనివ్వను.

పళ్లు గీకి వయసు తగ్గించడం, తెల్ల వెంట్రుకలకు రంగు వేయడం, మత్తు ఇచ్చి దుడుకు గుర్రాన్ని సాధువుగా చూపించడం. ఇవన్నీ పాతవే, పెద్దలందరికీ తెలిసినవే. వీటికి విరుగుడు కూడా తెలిసిందే: కొనేవాడు తన డాక్టరును తెచ్చుకోవాలి, అమ్మేవాడు చూపించిన డాక్టరును కాదు. బ్రిటన్‌లో కొనుగోలుకు ముందు పరీక్ష చేసే డాక్టరు రక్తం తీసి ఆరు నెలలు దాచిపెట్టే ఏర్పాటు ఉంది. తర్వాత గుర్రం కుంటితే ఆ రక్తాన్ని పరీక్షిస్తారు. మన దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా, రక్తం తీయిస్తానని అనగానే అమ్మేవాడి ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

దళారి సంగతి కొంచెం వేరు. ఆయన అమ్మేవాడి దగ్గరా తీసుకుంటాడు, కొనేవాడి దగ్గరా తీసుకుంటాడు. తీసుకోనివ్వండి, ఎండలో తిరిగి బతికే మనిషి. కానీ ఇద్దరికీ చెప్పి తీసుకోవాలి. అమెరికాలో గుర్రాలకు పేరుపడ్డ కెంటకీ రాష్ట్రం ఇందుకోసం 2006లో చట్టమే చేసింది. రెండు వైపులా పనిచేసే మధ్యవర్తి ఆ సంగతి ముందే ఇద్దరికీ తెలియజేసి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మన 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం మొదట కొనేవాడినే చూసుకోమంటుంది. అయితే ఏ పనికి కొంటున్నాడో అమ్మేవాడికి తెలియజేసి, ఆ వ్యాపారి నేర్పు మీద ఆధారపడి కొన్నాడని చూపగలిగితే రక్షణ ఇస్తుంది. రుమాలు కింద జరిగిన మాటను కోర్టులో చూపలేం. ఒక కాగితం ముక్క మీద "టెంట్ పెగ్గింగ్ కోసం కొన్నాను, కుంటు లేదని చెప్పి అమ్మారు" అని రాయించుకుంటే చూపగలం.

పేరు పోతుందన్న భయం మనుషుల ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాలకు, గాడిదలకు వస్తుంది. ముక్కు నుంచి చీము కారడం, చర్మం మీద గడ్డలు, ఊపిరితిత్తుల్లో పుండ్లు. మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీయగలదు. జంతువుల అంటువ్యాధుల నివారణకు చేసిన 2009 చట్టం ప్రకారం అనుమానం వచ్చిన యజమాని ప్రభుత్వానికి తెలపాలి. జబ్బు నిర్ధారణ అయితే గుర్రాన్ని చంపేస్తారు, కొంత పరిహారం ఇస్తారు, చుట్టుపక్కల గుర్రాల రాకపోకలు ఆపేస్తారు. పరిహారం మంచి గుర్రం ధరకు ఏ మూలకూ రాదు, ఆ మాట నిజం. అంతకంటే ఎక్కువగా "వాళ్ల కొట్టంలో గ్లాండర్స్ వచ్చింది" అనే మాట భయపెడుతుంది. ఆ భయంతో ముక్కు కారే గుర్రాన్ని రాత్రికి రాత్రి లారీ ఎక్కించి జిల్లా దాటించేస్తే? అది వెళ్లిన చోట గుర్రాలకు, వాటిని కడిగి చూసుకునే సైస్ కుర్రాడికి ఎవరు జవాబు చెబుతారు? ఆ కుర్రాడికి జబ్బు పేరు కూడా చెప్పి ఉండరు. జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు. దాచినవాడిని మాత్రం నేను క్షమించలేను.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు. ఈ కాగితాలూ పరీక్షలూ పెద్ద పెద్ద గుర్రాల ఫారాలకు సరే, మనలాంటి రెండు గుర్రాలవాళ్లకు ఎందుకని. ఈ మాటకు నేను విలువ ఇస్తాను, ఎందుకంటే ఖర్చు నిజమే. కానీ నష్టపోతున్నది ఎవరు? పెద్ద ఫారం వాళ్లకు ఒక పిల్ల చెడితే పక్కన ఇంకో ఇరవై ఉంటాయి. మా మామకు ఉన్నది ఆ ఒక్క ఆడగుర్రం, రెండేళ్ల ఆశ, అప్పు. తక్కువ గుర్రాలున్నవాడికే సమాచారం ఎక్కువ అవసరం. మగగుర్రం పిల్లల జాబితా రాయడానికి ల్యాబు అక్కర్లేదు, పెన్ను చాలు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో మనకు స్వర్ణం వచ్చి అప్పటికి 41 ఏళ్లు. టోక్యో ఒలింపిక్స్‌లో ఫవాద్ మీర్జా ఈవెంటింగ్ (డ్రెసాజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ కలిసిన పోటీ) ఫైనల్‌కు వెళ్లి 23వ స్థానంలో నిలిచాడు. రౌతులు మనవాళ్లు, గుర్రాలు యూరప్‌లో పుట్టి పెరిగినవి. ఆ గుర్రాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. తాతముత్తాతల పేర్లు, పోటీల ఫలితాలు రాసి ఉంచిన పుస్తకాల నుంచి వచ్చాయి. భీమా నది తీరంలో పుట్టిన మన దక్కను భీమ్‌థడీ గుర్రాన్ని కూడా ఈమధ్యే ప్రత్యేక జాతిగా గుర్తించారు. మా వైపు కుర్రాళ్లు దేశవాళీ గుర్రాలతో పోటీలకు వెళ్లాలని ఎంత ఆశపడుతున్నారో నేను చూస్తున్నాను. వాళ్లకు మనం ఇవ్వాల్సింది చెవుల ఫోటో కాదు.

ఈ ఏడాది మా చుట్టాల్లో మగగుర్రం ఉన్న ఇంటి వాళ్లను కూర్చోబెట్టి ఒక పేజీ రాయించాను. గుర్రం పుట్టిన సంవత్సరం, దాని తల్లిదండ్రులు, వాళ్లిద్దరికీ దగ్గరి రక్తసంబంధం ఉంటే అది. దాటిన ప్రతి ఆడగుర్రం, చూలు నిలిచిందా లేదా. పుట్టిన ప్రతి పిల్ల, చనిపోయినవి కూడా. నోరు, కాళ్లు, వృషణాలు దిగాయా లేదా అన్నదీ రాశారు. గ్లాండర్స్ పరీక్ష ఏ తేదీన చేయించారు, గత నెల రోజుల్లో ఏ మందులు ఇచ్చారు. చివర సంతకం. రాస్తున్నప్పుడు ఇంటి పెద్దాయన చాలా ఇబ్బంది పడ్డాడు. పోయిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి "ఇది గూడ రాయాల్నా?" అని అడిగాడు. రాయాలన్నాను. రాశాడు. మొదట చూసిన ఇద్దరూ ఆ పేజీ చదివి ఆడగుర్రాలను వెనక్కి తోలుకుపోయారు. మూడోవాళ్లు బోధన్ నుంచి వచ్చారు. పేజీ మొత్తం చదివారు, పోయిన పిల్లల తల్లులు ఏ వంశమో అడిగారు, తమ ఆడగుర్రం ఆ వంశంది కాదని చూసుకుని ఫీజు కట్టారు.

మాళేగావ్‌కు ఆ పేజీ నకళ్లు తెస్తున్నాను. తెలుగులో, మరాఠీలో రెండింట్లోనూ ఉంది. మగగుర్రం ఉన్నవాళ్లు తీసుకుని నింపండి. ఆడగుర్రం తెచ్చేవాళ్లు ఫీజు ఇచ్చే ముందు దాన్ని అడగండి.